ఆ పేరుగలవాళ్ళు మా ఇంట్లో లేరు

మా తోడికోడలు ఈ దేశం వచ్చిన కొత్తలోనే ఓ పెద్ద హోటల్ లాండ్రీలో చేరింది. ఆవిరి కక్కే రోలర్లలోకి తడి దుప్పట్లు అందించడం దాని పని. తల్లిదండ్రులు పెట్టిన పేరు చాంతాడంత. సూపర్‌వైజరమ్మ రెండుసార్లు పలకబోయి విసిగిపోయి, తనకు నోరు తిరిగే పొట్టి పేరొకటి బిళ్ళ మీద వేయించి ఇచ్చింది. ఇది కిక్కురుమనకుండా గుండెల మీద తగిలించుకుంది. ఇంట్లో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అయినా మా మరిదికి పెళ్ళాం పేరుతో పనేముంది? "ఇదిగో" అంటే చాలు, పళ్ళెంలోకి అన్నం వచ్చేది.

ఏళ్ళు గడిచాయి. ఒకరోజు రోలర్ దగ్గర చెయ్యి కాలింది. ఆసుపత్రిలో దీనికి కట్టు కడుతుంటే, నర్సు మా ఇంటికి ఫోన్ చేసి, బిళ్ళ మీది పేరు చెప్పి, ఆవిడ మీ మనిషేనా అని అడిగింది. మా మరిది ఆ పేరుగలవాళ్ళు లేరని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే కసురుకున్నాడు కూడా. "ఎవరో దొరసాని కోసం మన ప్రాణం తోడేస్తున్నారు వదినా" అని నాతో నవ్వాడు.

దొరసాని సాయంత్రం ఒంటిచేత్తో బస్సు కడ్డీ పట్టుకుని ఇల్లు చేరింది.

కట్టు చూసి మా మరిది గబగబా ఎదురెళ్ళాడు. ఏమైందని అడిగితే అంతా చెప్పి, "నేనీ ఇంట్లో లేనన్నారటగా" అంది. వాడికి తప్పు తెలిసి కోపమొచ్చింది. మగాళ్ళకు ఆ వరసలోనే వస్తుంది. ఆ బిళ్ళ వాళ్ళ మొహాన కొట్టి రమ్మన్నాడు.

"ఎందుకు కొట్టాలి? ఇన్నేళ్ళూ ఆ వేడిలో నిలబడింది ఆ పేరుతోనే. అదీ నేనే. పోనీ, నా అసలు పేరు మీరెప్పుడైనా పిలిచారా?"

ఎప్పుడూ నేనే ఏదో ఒకటి అని సర్దేదాన్ని. ఆ పూట అన్నం కలిపి దాని ముందు పెట్టాను. పేరు మార్చింది ఆ సూపర్‌వైజరమ్మే అనుకుంటాం. ఉన్న పేరు వాడకుండా మూల పడేసిన వాళ్ళనేమనాలి?

మర్నాడు దాని సెలవు సంగతి చెప్పడానికి మా మరిది లాండ్రీకి వెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. గేటు దగ్గర కాపలావాడు ఎవరి తాలూకని అడిగాడు. మా మరిది పొట్టి పేరు చెప్పాడు. కాపలావాడికి అర్థమైంది, అక్కడితో ఆపేయొచ్చు. ఆపకుండా, ఆవిడ అసలు పేరు ఇదీ అని మొత్తం పేరు చెప్పాడు. చెప్పి, కొత్త పెళ్ళికొడుకులా చెవుల దాకా ఎర్రబడ్డాడు.