ఎండాకాలమంతా తెరవని బీరువా

మా బడి లైబ్రరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. మెట్ల కింద ఒక చిన్న గది, అందులో ఒక ఇనుప బీరువా, నేల మీద కూర్చోవడానికి రెండు పట్టాలు. సూరత్‌లోని గోడాదరాలో మా మున్సిపాలిటీ బడిలో పొద్దున మరాఠీ మీడియం నడిచేది, మధ్యాహ్నం మా తెలుగు మీడియం. గది రెండు బడులదీ, బీరువా మాత్రం మాది. అందుకే దానికి ఎప్పుడూ తాళం ఉండేది.

మా బాపులందరూ సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చినవాళ్లే ఎక్కువ. టీచర్ మాత్రం కోస్తా నుంచి వచ్చింది, భర్తది రైల్వే ఉద్యోగం. సూరత్‌లో ఆడ టీచర్లను బెన్ అంటారు కాబట్టి మేమూ ఆమెను బెన్ అనే పిలిచేవాళ్లం.

శనివారం ఆఖరి పీరియడ్ లైబ్రరీ. నిజం చెప్పాలంటే మేమక్కడ మొదట పుస్తకాలు చదవలేదు, పుస్తకాలతో క్రికెట్ ఆడాం. కళ్లు మూసుకుని పుస్తకం తెరవాలి. ఎడమ పేజీ నంబరులో చివరి అంకె ఎంతుంటే అన్ని పరుగులు. సున్నా వస్తే అవుట్. బెన్ ఒకరోజు ఇది చూసింది. తిడుతుందనుకుని అందరం పుస్తకాలు వెనక దాచాం. ఆమె తిట్టలేదు. "ఆడుకోండి, కానీ సిక్స్ కొట్టినవాళ్లు ఆ పేజీ పైకి చదవాలి" అంది. అంతే, మరుసటి వారం నుంచి మగపిల్లలకు సిక్సులు రావడం మానేశాయి. ఆరు కనబడగానే వేలు అడ్డం పెట్టి పేజీ తిప్పేసేవాళ్లు.

సిక్స్ రావాలని కోరుకున్నది ఒక్క అమ్మాయే. మా వెనక గల్లీలో ఉండేది, నాకంటే ఒక తరగతి పైన, ఏడులో. నేను అక్కా అని పిలిచేదాన్ని. తన పేజీ చదివి ఆగేది కాదు. పక్క పేజీ, ఆ తర్వాతి పేజీ కూడా చదివేది. రాజు మాట్లాడితే రాజు గొంతు, నక్క మాట్లాడితే నక్క గొంతు. ఆట ఆగిపోయేది, స్కోరు ఎవరికీ గుర్తుండేది కాదు. నాకు ఒళ్లు మండిపోయేది. నేను చదివితే "గట్టిగ చదువు, వినొస్తలేదు" అనే పిల్లలు ఆమె చదివితే నోరు తెరుచుకుని వినేవాళ్లు.

ఆ ఏడాది మధ్యలో బెన్ కొత్త ఆట పెట్టింది. మా గల్లీల్లో ఆడవాళ్లందరూ ఇంటి దగ్గర చీరలకు టిక్కీలు అతికించేవాళ్లు. టిక్కీ అంటే మెరిసే చిన్న రాయి. సేఠ్ మనిషి పొద్దునే చీరల మూట తెచ్చి పడేసేవాడు, సాయంత్రం బడి నుంచి వచ్చాక మేమూ గమ్ము పట్టుకుని కూర్చునేవాళ్లం. మా వేళ్లకు అంటిన గమ్ము చూసి బెన్‌కు ఆలోచన వచ్చినట్టుంది. ఒక చార్టు మీద అందరి పేర్లు రాసి బీరువా తలుపుకు వేలాడదీసింది. ఒక పుస్తకం చదివినవాళ్లు పట్టా మధ్యలో కూర్చోవాలి. మిగతావాళ్లు ఆ పుస్తకాన్ని ఎక్కడంటే అక్కడ తెరిచి ప్రశ్నలడుగుతారు. మూడింటికి జవాబు చెబితే పేరుకు ఎదురుగా ఒక టిక్కీ. పరీక్షలయ్యేసరికి ఎవరి పేరు దగ్గర ఎక్కువ మెరుపుంటే వాళ్లకు ఎండాకాలమంతా బీరువా తాళంచెవి.

సెలవుల్లో బెన్ వాళ్ల ఊరికి పోయేది. తాళంచెవి ఉన్న పిల్ల మంగళవారం, శనివారం పొద్దున వచ్చి బీరువా తెరవాలి. వాచ్‌మన్ గేటు తీస్తాడు. ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారో రిజిస్టరులో రాయాలి. అదీ బహుమతి.

అక్కకు ఆ తాళంచెవి ఎంత అవసరమో నాకు తెలుసు. తెలియదని ఇప్పుడు బుకాయించలేను, ఎందుకంటే ఆమే నాకు చెప్పింది. మా బడి ఏడుతో అయిపోతుంది. ఎనిమిదికి దూరం పోవాలి.

"మా అమ్మ బడి బంద్ చేస్తనంటుందే. టిక్కీల పనిలకు కూసొమ్మంటుంది. తాళంచెయ్యి దొరికితే మాత్రం ఎండకాలం మొత్తం బీరువల ఉన్నయన్ని చదువుత. ఇగ తర్వాత ఎట్లయితే గట్లాయె."

నాకు పుస్తకాల మీద అంత మోజు లేదు. దారం కట్టిన తాళంచెవిని మెడలో వేసుకుని గల్లీలో తిరగాలని ఉండేది. బెన్ నోటితో నా పేరు వినాలని ఉండేది. ఇంత చిన్న కోరికకు ఇంత పని చేశానా అని ఇప్పటికీ సిగ్గేస్తుంది.

టిక్కీలు అతికించే పని బెన్ నాకే అప్పగించింది. నా చెయ్యి నీట్ అని. పీరియడ్ అయ్యాక అందరూ పోయేవాళ్లు, నేను బెన్ రాసిచ్చిన చీటీ చూసుకుంటూ ఒక్కొక్క పేరుకు ఒక్కొక్కటి అతికించేదాన్ని. ఆఖరి శనివారం నాటికి అక్కకు నాకంటే మూడు ఎక్కువున్నాయి. ఆ రోజు గదిలో ఎవరూ లేరు. నా పేరు దగ్గర మూడు అతికించాను. సమానమయ్యాయి. సమానమైతే తాళంచెవి ఇద్దరికీ ఇస్తుందేమో. గోటితో అక్క వరుసలో చివరిదాన్ని గీకేశాను. సులువుగానే వచ్చేసింది, అతికించింది నేనే కదా, ఎక్కడ గమ్ము తక్కువ పడిందో నాకు తెలుసు.

సోమవారం అక్క చార్టు ముందు నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"నాదొకటి రాలినట్టుందే. ఊడ్చేటప్పుడు ఏమన్న చూసినవా?"

"నేన్జూడలే" అన్నాను. పైగా ఆమెతో కలిసి బీరువా కింద వెతికాను. మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి లోపలికి పెట్టి మరీ వెతికాను. దొంగతనం కంటే ఆ వెతుకులాటే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

తాళంచెవి నాకే వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క కూడా కొట్టింది.

సెలవులిచ్చిన మూడో రోజే మా ఇంట్లో ప్రయాణం. బాపు చిన్నాన్న కూతురి పెళ్లి. సూరత్ నుంచి ఊరికి పోవడమంటే మాకు రెండు మూడు రోజుల ముచ్చట కాదు. పోతే, ఎండాకాలంలో ఆగిన సాంచాలు మళ్లీ నడిచే దాకా అక్కడే. ఇది నాకు ముందే తెలుసు, ప్రతి ఏడూ ఇంతే. అయినా తాళంచెవి కోసం అంత ఎగబడ్డాను. అక్క వాళ్లు మాత్రం ఆ ఏడు ఎటూ పోలేదు.

బస్సెక్కే ముందు రోజు సాయంత్రం అక్క మా ఇంటికొచ్చింది. మా అమ్మ బట్టలు సర్దుతోంది. అక్క గడప దగ్గరే నిలబడి, ఎంతో మర్యాదగా అడిగింది.

"తాళంచెయ్యి జర నాకిచ్చి పో చెల్లె. నువ్వొచ్చినంక మళ్ల నీకే ఇస్త. బెన్ అడిగితే నువ్వే తీసినవని చెప్త."

"ఎవ్వలకియ్యద్దని బెన్ చెప్పింది అక్కా" అన్నాను.

బెన్ అలా చెప్పనేలేదు. కానీ బెన్ మాట అనేసరికి అక్క ఇంకేమీ అడగలేదు. "అట్లనా, అయితే వద్దులే" అని వెళ్లిపోయింది. ఎందుకివ్వలేదో నాకు బాగా తెలుసు. ఇస్తే ఆమె దగ్గర పిల్లలు మూగుతారు. ఆమె రాజు గొంతుతో, నక్క గొంతుతో చదువుతుంది. నేను వచ్చేసరికి ఆ బీరువా ఆమెదైపోతుంది.

ఊళ్లో నెలన్నర ఆ తాళంచెవి నా మెడలోనే ఉంది. "సూరతుల మీకు సొంతిల్లున్నదా?" అని దాన్ని చూసి మా మేనత్త కూతురు అడిగితే ఊఁ అన్నాను.

బడి తెరవడానికి రెండు రోజుల ముందు తిరిగొచ్చాం. రిజిస్టరు తెల్లగా ఉంది. బెన్ అడిగితే ఏం చెప్పాలి? ఒక మధ్యాహ్నం కూర్చుని మంగళవారాలు, శనివారాలు లెక్కేసుకుని తారీకులు వేశాను. మా గల్లీ పిల్లల పేర్లు రాశాను. ఎక్కువ పుస్తకాలు ఎవరు తీసుకుంటే నమ్మబుద్ధవుతుంది? అక్కే. ఆమె పేరు మీద పదకొండు రాశాను. ఇంకు రంగు ఒకేలా ఉండకూడదని రెండు పెన్నులు వాడాను. చదువులో ఏనాడూ అంత బుద్ధి పెట్టలేదు.

బెన్ రిజిస్టరు చూసి మురిసిపోయింది. "చూశావా, పదకొండు! ఈ పిల్లను ఎనిమిదిలో చేర్చకపోతే ఎలా? పద, వాళ్ల అమ్మతో మాట్లాడదాం" అని రిజిస్టరు చంకలో పెట్టుకుని బయల్దేరింది. ఇల్లు చూపించమని నన్ను వెంట తీసుకెళ్లింది. దారి పొడుగునా ఏదో ఒక వంక చెప్పి వెనక్కి పోదామనుకున్నాను.

అక్క, వాళ్లమ్మ, చిన్న చెల్లెలు చీర పరుచుకుని చుట్టూ కూర్చుని ఉన్నారు. బెన్‌ను చూసి వాళ్లమ్మ కొంగు సర్దుకుని లేచింది, చాప వేసింది. బెన్ రిజిస్టరు తెరిచి పేజీ మీద వేలు పెట్టి చూపించింది.

"చూడమ్మా, సెలవుల్లో మీ అమ్మాయి పదకొండు పుస్తకాలు చదివింది. బళ్లో ఇంకెవరూ ఇన్ని చదవలేదు. ఇలాంటి పిల్లను మాన్పించకండి."

వాళ్లమ్మకు చదువు రాదు. వేలు పెట్టిన చోటు వైపు చాలాసేపు చూసింది. తర్వాత అక్క వైపు తిరిగింది.

"పదకొండా? బీరువ తీస్తలేరమ్మా, ఒక్క పుస్తకం లేదమ్మా అని రోజు ఏడ్చింది గదా బెన్. రోజంటే రోజు. అన్నం గూడ సరిగ్గ తినలే. దాని ఏడుపు సూడలేక, పోనియ్ తీ, ఎనిమిదిల ఏద్దాం అని నిన్ననే మా ఆయనతోని మాట్లాడిన. ఇప్పుడేంది, అన్ని చదివిందంటున్రు? అంటే గిదంత నాటకమేనా?"

"నేను ఒక్కటి గూడ చదవలేదమ్మా" అంది అక్క. "బీరువ తీయనే లేదు."

"గంత పెద్ద బుక్కుల రాసున్నదాన్ని లేదంటవేందే? బెన్ అబద్ధమాడుతదా?"

అక్క అప్పుడు నా వైపు చూసింది. కోపంగా కాదు. నేను చెప్తానని నమ్మకంగా చూసింది. ఆ చూపు నాకిప్పటికీ అలాగే గుర్తుంది.

బెన్ కూడా అయోమయంగా నా వైపు తిరిగింది. "తాళంచెవి నీ దగ్గరే ఉంది కదమ్మా. రాసింది నువ్వే. ఈ పుస్తకాలు ఈ అమ్మాయి తీసుకుందా, లేదా?"

ఒక్క మాట చాలు. పన్నెండేళ్లు నాకు. ఏది నిజమో, ఏది కాదో తెలియని వయసేం కాదు. చెబితే బెన్ తిట్టేది, బహుశా ఇంటికెళ్లాక బాపు రెండు తగిలించేవాడు. అంతకంటే ఏమీ జరిగేది కాదు.

"తీస్కున్నది బెన్" అన్నాను.

అక్క తల దించుకుని మళ్లీ చీర ముందు కూర్చుంది. బెన్ ఇంకో పావుగంట బతిమాలింది. వాళ్లమ్మ మెత్తబడలేదు. "చదువు చెప్పిస్తే చెప్పిస్తిమి గని, అబద్ధాలు నేర్సుకున్నాక ఇగ చాలు బెన్" అంది.

ఆ తర్వాత నేను ఏడు చదివాను, ఎనిమిది చదివాను. బడికి వాళ్ల గల్లీలోంచే పోవాలి. అక్క తలుపు దగ్గర వెలుతురులో కూర్చుని టిక్కీలు అతికిస్తూ ఉండేది. నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు, నేనూ ఆగి మాట్లాడలేదు. వాళ్లమ్మ మాత్రం నేను కనబడితే చాలు, చిన్న కూతురిని పిలిచి నన్ను చూపించేది.

"ఆ పిల్లను చూసి నేర్సుకోవే. మీ అక్క లెక్క కాదు. నోట్లకెల్లి ఒక్క అబద్ధం రాదు."