పదిలో ఐదు

ఒనోదెరా షిగెతో అనేవాడు పద్దెనిమిదో ఏట ఉక్కు కంపెనీ రగ్బీ జట్టులో చేరాడు. మొదటి వారంలోనే పెద్ద ఆటగాళ్ళు అతనికి ఒక విద్య నేర్పారు. అది ఆట కాదు, అబద్ధం.

ఏటా సీజన్‌కు ముందు జట్టు డాక్టరు ప్రతి ఆటగాడికీ పది మాటలు చదివి వినిపిస్తాడు. గుర్తున్నన్ని తిరిగి చెప్పాలి. ఆ లెక్క రాసిపెట్టుకుంటారు. ఆటలో తలకు దెబ్బ తగిలితే మళ్ళీ పది మాటలు. పాత లెక్కకంటే తగ్గితే బయట కూర్చోవాలి. అందుకని పదీ వచ్చినా ఐదే చెప్పాలి. అప్పుడు బుర్ర తిరుగుతున్నా ఐదు అప్పజెప్పి లోపలికి పరిగెత్తవచ్చు.

షిగెతో ముందు వరుసవాడు. రెండు జట్లూ తలలు ఆనించి నెట్టుకునే స్క్రమ్‌లో ఎదుటివాడి భుజం కింద తల దూర్చి, వెనకవాళ్ళ బరువంతా మెడ మీద మోస్తూ నెట్టడం అతని పని. ఇరవై ఎనిమిదో ఏట కంపెనీ గుమాస్తా కుర్చీ వదిలేసి, ఆటే ఉద్యోగంగా ఒప్పందం రాసుకున్నాడు. ఆ కుర్చీ అరవై ఏళ్ళదాకా కదలదు, ఒప్పందం ఏ ఏటికాయేడు తెగుతుంది అంటూ మామగారు నెల రోజులు మాట్లాడలేదు. భార్య మికాకో మాత్రం, "ఆ కుర్చీలో నువ్వు కట్టేసిన ఎద్దులా ఉంటావు. పో, ఆడుకో," అంది.

పద్నాలుగేళ్ళలో ఆ ఐదు మాటలు అతన్ని నాలుగుసార్లు మైదానంలోకి తిరిగి పంపాయి. ఒకసారైతే ఏ వైపు పరిగెత్తాలో తెలియలేదు. పక్కన ఆడే ఇవబుచి అతని చొక్కా పట్టుకుని తిప్పాడు. ఇవబుచి చిన్నవాడు. వాడికి ఆ విద్య నేర్పింది షిగెతోనే.

ఈ ఏడు కుమె అనే కొత్త డాక్టరమ్మ వచ్చింది. పాత కాగితాలన్నీ ముందేసుకుంది.

"పద్దెనిమిదేళ్ళప్పట్నించీ ఐదేనా మీకు?"

అతను తలూపాడు. నాలుగు దెబ్బలు తిని, ఐదే గుర్తుండే తలను ఇక మైదానంలోకి పంపనని, ఆడవచ్చంటూ ఈ ఏడు సంతకం పెట్టనని ఆమె చెప్పేసింది.

నిజం ఒప్పుకోవడం తప్ప దారి లేదు. షిగెతో వంగని మెడను వంచి, ఇన్నేళ్ళూ కావాలనే తగ్గించి చెప్పానన్నాడు. ఇంకెవరి పేరూ ఎత్తలేదు. ఆమె తిట్టలేదు.

"సరే. ఇప్పుడు నిజంగా చెప్పండి," అని పది మాటలు నింపాదిగా చదివింది.

ఐదు వచ్చాయి. అలవాటుకొద్దీ నోరు ఆగిందేమో అనుకున్నాడు. ఆరోదాని కోసం వెతికాడు. ఏదీ తగల్లేదు. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. అదే భరించలేకపోయాడు. ఇంకో పది చదవమని బతిమాలాడు. ఈసారి నాలుగు.

బయట బల్ల మీద ఇవబుచి తన వంతు కోసం కూర్చున్నాడు.

"ఎన్నన్నా?"

"ఐదు."

"మన వరుస పరువు నిలబెట్టావు."

"అబద్ధం కాదురా. అన్నే వచ్చాయి."

ఇవబుచి నవ్వు సగంలో ఆగింది. లోపల పదీ చెప్పమన్నాడు షిగెతో, ఒట్టు వేయమన్నాడు. ఇవబుచి కాలి పట్టీ సర్దుకుంటూ లేచాడు.

"నువ్వు పద్నాలుగేళ్ళాడావు. నావింకా నాలుగేళ్ళేగా అన్నా," అని లోపలికి వెళ్ళాడు.

పలచని గోడ. డాక్టరమ్మ చదవడం, ఇవబుచి తిరిగి చెప్పడం బయటికి వినబడుతూనే ఉన్నాయి. షిగెతో లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. ఐదు దగ్గర ఆగాడు. కాసేపటికి కన్ను గీటుతూ బయటికొచ్చాడు.

షిగెతో వాడి మణికట్టు పట్టుకున్నాడు.

"దాచుకున్న ఐదూ నాకు చెప్పు."

"ఇప్పుడా? దాందేముంది. దీపం. నాచు..."

నవ్వుతూనే మొదలెట్టాడు. మూడోదాని కోసం నోరు తెరిచి, అలాగే ఉండిపోయాడు.

షిగెతో పట్టు వదల్లేదు. రెండో చేత్తో డాక్టరమ్మ గది తలుపు తట్టాడు.