ఒకటివ్వు బాబాయి

ఎవరి చేతిలోనైనా సిగరెట్టు పెట్టె కనిపిస్తే మా బాబాయి అడక్కుండా ఉండలేకపోయేవాడు. బస్సులో పక్కవాడు జేబు తడుముకుంటే చాలు, "ఒకటివ్వు నాయనా" అని అరచెయ్యి చాపేవాడు. ఊరంతా ఆయన్ని 'ఒకటివ్వు' అనే పిలిచేది. మునిసిపల్ ఎన్నికల్లో నిలబడ్డప్పుడు గడపగడపకూ తిరిగి ఓటు ఒకటి, సిగరెట్టు ఒకటి అడిగి, రెండూ తెచ్చుకుని గెలిచాడు.

ఆయన కొనగా చూసినవాళ్లు లేరు. కాల్చగా చూసినవాళ్లూ లేరు. పిన్నిని అడిగితే, "నానబెట్టి ఆ నీళ్లు గులాబీలకు కొడతార్రా. మొక్కలకి పురుగు లేదు, నాకు పరువు లేదు" అనేది.

అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఆయన బావమరిది. బస్టాండు ఎదురుగా అతనికి సిగరెట్ల కొట్టుండేది.

"నా కొట్టు ముందే నిలబడి అడుక్కుంటావేంటి బావా? నిన్ను చూసి జనం అవతలి సందులోంచి పోతున్నారు."

"పోనీరా. నడక మంచిదే."

ఆ ఏడు మునిసిపాలిటీలో ఒక తీర్మానం వచ్చింది. పొగాకు మీద పన్ను పెంచి, ఆ డబ్బుతో ఊళ్లో ఊపిరితిత్తుల ఆసుపత్రి పెట్టమని ప్రభుత్వాన్ని కోరాలని. పన్ను వేసే అధికారం మునిసిపాలిటీకి లేదు. ఊళ్లన్నీ కలిసి అడిగితే పైవాళ్లు కదులుతారని ఆశ. సభ్యులు సగానికి సగం చీలారు. మిగిలింది బాబాయి.

"చెయ్యెత్తావంటే నీ గడప తొక్కను" అని బావమరిది ముందే చెప్పాడు. పుట్టింటివైపు పిన్నికి మిగిలింది ఆ తమ్ముడొక్కడే.

సమావేశం రోజు అతను, చూడ్డానికొచ్చిన జనంలో, వెనక బల్ల మీంచి లేచాడు. "మా బావకేం, ఎంత పెంచినా ఒకటే. ఆయనెప్పుడు కొన్నాడు గనక?"

సభంతా నవ్వింది. బాబాయి కూడా నవ్వాడు.

"నిజమేరా. ఒక్కోడి దగ్గరా ఒక్కోటి లాక్కుంటే, వాడి ఛాతీలోకి ఒకటి తక్కువ పోతుందని ఆశ. మా అన్నయ్యని మాత్రం ఎప్పుడూ అడగలేదు, పెద్దవాడని మొహమాటం. చివర్లో ఆయన గాలికోసం కిటికీ పట్టుకుని నిలబడేవాడు. నాకూ వయసైపోయింది. ఎన్ని వీధులని తిరగను? సర్కారు కూడా ఓ చెయ్యి వెయ్యాలి."

ఆయన అన్నయ్య అంటే మా నాన్న.

బాబాయి చెయ్యెత్తాడు. బావమరిది చెప్పులేసుకుని బయటికి నడిచాడు. అన్న మాట నిలబెట్టుకుని పిన్ని గడప తొక్కడం మానేశాడు.

ఆసుపత్రి తెరిచేనాటికి బాబాయి లేడు. ఇప్పటికీ ఎక్కడైనా అగ్గిపుల్ల గీసిన చప్పుడైతే, పక్కనించి ఆ అరచెయ్యి వస్తుందేమోనని చూస్తాను. రాదు. భగవంతుడి దగ్గర ఏం అడుగుతున్నాడో.

మొన్న పిన్నికి తోడుగా ఆ ఆసుపత్రికి వెళ్లాను. పిన్ని తన కోసం రాలేదు. తమ్ముడు కొట్లో కూర్చుని దగ్గుతున్నాడని ఎవరో చెబితే, తనే వెళ్లి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. నర్సు అతని నోటికి ఊపిరి కొలిచే గొట్టం అందించింది.

"గట్టిగా ఊదండి. ఇంకా, ఇంకా."

అతను కళ్లు తేలేసి, గొట్టం తీసి, ఆయాసంతో అన్నాడు: "ఇంతే ఉందమ్మా ఊపిరి. మా బావ ఉంటే ఇందులోనూ కాస్త ఇవ్వమనేవాడు."

పిన్ని చాలా రోజులకు నవ్వింది. "ఇచ్చేవాడివి కాదులే. ఊదు."