అమృతం ఆంటీ తొలి ఫైలు

నలభై ఆరేళ్ళు నిండిన నెలలోనే అమృతం హోమ్ లోన్ బ్రోకరైంది. కోర్సు పాసైంది, పోలీసు చెక్ అయింది, పేరు రిజిస్టర్లోకి ఎక్కింది. కూతురు హెలెనా దగ్గరుండి అయిదువందల విజిటింగ్ కార్డులు అచ్చు వేయించింది. భర్త విలియం అందులో ఒకటి తీసుకెళ్ళి, తను నడిపే బస్సులో ఎక్కినవాళ్ళందరికీ కనపడేలా డ్రైవరు సీటు పక్కన అంటించాడు. డిపోవాళ్ళు రెండో రోజే పీకించేశారు.

అంతకుముందు పదకొండేళ్ళు ఆమె పని చేసింది వృద్ధుల హోమ్‌లో. ముసలివాళ్ళని లేపడం, స్నానం చేయించడం, తినిపించడం, చెప్పిందే చెప్పినా కొత్తగా విన్నట్టు వినడం. నడుం పట్టేసి, ఇక బరువులెత్తొద్దని డాక్టరు అన్నాక కొన్నాళ్ళు ఇంట్లో కూర్చుంది. ఊరికే కూర్చోవడం నరసాపురంలోనే అలవాటు కాలేదు, మెల్బోర్న్‌లో ఏం అవుతుంది? బీరువాలు సర్దడం మొదలుపెడితే, క్లైడ్ నార్త్‌లో తాము కొన్న ఇంటి లోను కాగితాలు బయటపడ్డాయి. అరవై పేజీలు. అప్పట్లో బ్రోకరు వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేసిందే తప్ప ఒక్క ముక్క చదవలేదు.

"సంతకం పెట్టిన పాపానికి ఇప్పుడైనా చదువుదాం," అనుకుంది.

మూడు వారాలు చదివింది. అర్థంకాని చోట పెన్సిలుతో గీత గీసుకుంది. చదవడం అయ్యాక బ్యాంకుకి ఫోన్ చేసి, "కొత్తగా వచ్చేవాళ్ళకి తక్కువ వడ్డీ, తొమ్మిదేళ్ళుగా తప్పకుండా కడుతున్న మాకు ఎక్కువ వడ్డీనా? ఇదెక్కడి న్యాయం?" అని తనకొచ్చిన ఇంగ్లీషులో నిలదీసింది. అవతలి అమ్మాయి రెండు నిమిషాలు ఆగమంది. మళ్ళీ లైన్లోకి వచ్చి, తగ్గించామంది.

అంతే! నోరు తెరిచి అడిగితే తగ్గిస్తారా! అమృతానికి ఒళ్ళు ఝల్లుమంది. ఆ వారమంతా వీధిలో ఎవరు కనపడినా ఆపి, వాళ్ళ వడ్డీ ఎంతో అడగడమే పని. హెలెనాకి తల కొట్టేసినట్టయింది. "మమ్, యూ నీడ్ ఎ లైసెన్స్ ఫర్ దట్," అంది విసుగ్గా. తల్లి నోరు మూయిద్దామని హెలెనా అన్న మాట అది. అమృతం నిజంగానే కోర్సులో చేరిపోయింది.

కొత్త బ్రోకరు అనుభవమున్నవాళ్ళ కింద రెండేళ్ళు పనిచేయాలన్నది నియమం. చర్చికి వచ్చే ఏతాన్‌కి బెర్విక్‌లో చిన్న బ్రోకరు ఆఫీసుంది. అతను చేర్చుకుంటానన్నాడు. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఏతాన్ ఎనిమిదేళ్ళ వయసులో గుంటూరు నుంచి వచ్చిన కొత్తల్లో, సండే స్కూల్లో కీర్తన అప్పజెప్పలేదని అమృతం అతన్ని అరగంట నిలబెట్టింది. ఇప్పుడు అతనికి ముప్ఫై. గడ్డం, టై, గాజు తలుపుల గది. ఆఫీసులో ఆమెని "అమృతం" అని పిలవాలని మూడు రోజులు తంటాలుపడి, నాలుగో రోజుకి "ఆంటీ" దగ్గరే ఆగిపోయాడు.

పాస్టరుగారు ఆదివారం ఆరాధన చివర ఆమె పేరు ప్రకటిస్తే అందరూ చప్పట్లు కొట్టారు. అరవై కార్డులు అక్కడికక్కడే అయిపోయాయి. ఆ వారం ఫోను మోగలేదు. ఆ పై వారమూ మోగలేదు. ఫోను పాడైందేమోనని విలియం చేత ఒక కాల్ చేయించుకుని చూసింది. శుభ్రంగా మోగింది.

అసలు సంగతి పక్క వీధి శాంతి చెప్పింది. ఆమెకి మనసులో ఏదీ దాగదు.

"ఏమనుకోకు వదినా. నీ దగ్గరికొస్తే మా ఆయన జీతమెంతో నీకు తెలిసిపోతుందా? రేపు చర్చిలో కానుకల సంచి వచ్చినప్పుడు మేం ఎంత వేశామో చూస్తావు. మనసులో లెక్క కట్టేస్తావు. అదే ముక్కూమొహం తెలీనోడైతే ఏ గొడవా లేదు."

అమృతానికి నవ్వొచ్చింది, ఉక్రోషమూ వచ్చింది. పదకొండేళ్ళు ఎందరి ఒళ్ళు కడిగిందో, ఎవరి గుట్టైనా గడప దాటించిందా? కానీ ఆ మాట తన నోటితో తనే చెప్పుకుంటే ఎవరు నమ్ముతారు? తెలిసినవాళ్ళు రాకపోతే తెలియనివాళ్ళనే పట్టుకుందామని, క్లేటన్ వెళ్ళి ఇండియన్ కిరాణా కొట్ల బోర్డులన్నిటిమీదా కార్డులు గుచ్చి వచ్చింది. అద్దెకి గది, టిఫిన్ డబ్బా, పాత సోఫా అమ్మబడును, వాటి మధ్యలో అమృతం.

తొమ్మిదో రోజున సింధుజ ఫోన్ చేసింది.

సింధుజది జగిత్యాల, భర్త భానుప్రసాద్‌ది కరీంనగర్. ఇద్దరూ క్లేటన్‌లో చదువుకున్నవాళ్ళే, పెళ్ళై రెండేళ్ళు. ఆమెకి ఆసుపత్రి లాబ్‌లో ఉద్యోగం, అతనికి ఒక కంపెనీలో కంప్యూటర్ల పని. అక్కడే స్థిరపడటానికి పీఆర్ వచ్చింది, ఇక ఇల్లు కొనుక్కోవాలని ఉత్సాహం. శనివారం అమృతం ఇంట్లో భోజనాల బల్ల దగ్గర కూర్చుని, సింధుజ ఒక్కొక్క కాగితం ప్లాస్టిక్ కవర్లోంచి తీసి వరసగా పెడుతుంటే అమృతానికి ముద్దొచ్చింది. భాను మాత్రం కాళ్ళూపుతూ కూర్చున్నాడు.

నెల ఖర్చులు అడగాల్సిన చోటికి వచ్చేసరికి అమృతానికి మొహమాటం ముంచుకొచ్చింది. బయట తిండికి ఎంత, బట్టలకి ఎంత అని కొత్తవాళ్ళని ఎలా అడగడం? ఇంటికి వచ్చిన చుట్టాన్ని ఎన్ని ఇడ్లీలు తిన్నావని అడిగినట్టు ఉండదూ? తనకి తోచింది రాసి ఆఫీసుకి పంపింది. ఏతాన్ సోమవారం ఫైలు పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఆంటీ, ఇదేంటి? గ్రోసరీస్ దగ్గర 'అమ్మాయి పొదుపరి' అని రాశారు."

"నిజంగానే పొదుపరి నాయనా. కొత్తిమీర కట్ట ఎక్కడ చవకో నాకే చెప్పింది."

"బ్యాంక్‌కి నంబర్ కావాలి ఆంటీ. వాళ్ళు నెలనెలా కట్టగలరో లేదో తెలియాలంటే అన్నీ అడగాలి. అడగకుండా లోన్ ఇప్పించేస్తే తర్వాత బాధపడేది వాళ్ళే కదా." ఫైలు బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

ఆ రోజు సాయంత్రం అమృతం విలియంని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలడగడం సాధన చేసింది. నాలుగో ప్రశ్నకే విలియం డిపో దగ్గర రోజూ రెండు కాఫీలు తాగి, మాంసం కూరిన మీట్ పై ఒకటి తింటున్నాడని తేలింది. డాక్టరు వద్దన్న మీట్ పై. ఆ రాత్రి అతనికి సొరకాయ కూర, మజ్జిగ మాత్రమే దొరికాయి. అమృతానికి మాత్రం ధైర్యం వచ్చింది.

బుధవారం మధ్యాహ్నం భానుప్రసాద్ నుంచి ఫోను. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"ఆంటీ, మీతోని ఒక ముచ్చట చెప్పాలె. సింధుకు తెల్వద్దు."

"చెప్పు బాబూ."

"క్లేటన్ల ఒక దోస్తుతోని ఒకే రూముల ఉంటుంటి. వాని ఫీజుకు పైసలు తక్కువ పడ్డయి. వానికి లోన్ ఇయ్యలే, నా పేరు మీద తీసిచ్చిన. ఇప్పుడు వాడు పెర్త్ పోయిండు. ఒక నెల కడ్తడు, రెండు నెలలు మర్చిపోతడు. పేరు నాదే గని అప్పు నాది కాదు ఆంటీ."

"బ్యాంకోడు పేరు చూస్తాడు గానీ మనసు చూడడయ్యా."

"ఫారంల రాయకుంటె?"

"వాళ్ళ కంప్యూటర్లో కనపడుతుంది. నీ అప్లికేషనూ పోతుంది, నా లైసెన్సూ పోతుంది."

"గట్లైతే మీరే చెప్పుండ్రి ఆంటీ సింధుకు. మీరు చెప్తే ఊకుంటది."

పెద్దమ్మలా మధ్యలో దూరి సర్దిచెప్పాలని అమృతానికి నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుంది.

"నేను చెప్పను. ఆ అమ్మాయి పెళ్ళాడింది నిన్ను. శనివారం ఇద్దరూ వస్తారుగా, ఫారం మొదటినుంచీ చదువుతాను. అప్పుల సంగతి ఆరో పేజీలో ఉంది. అక్కడికి వచ్చేలోగా చెప్పుకో."

శనివారం వచ్చింది. వాళ్ళూ వచ్చారు. సింధుజ మొహం చూడగానే అర్థమైపోయింది, మనవాడు ఇంకా నోరు విప్పలేదు. అమృతం ఒకటో పేజీ నెమ్మదిగా చదివింది. రెండోది ఇంకా నెమ్మదిగా చదివింది. అయిదో పేజీ చివరికి వచ్చేసరికి భాను బల్లమీది గుడ్డ మీద పువ్వులు లెక్కపెడుతున్నాడు.

"గొంతు ఆరిపోతోంది. టీ పెట్టుకొస్తానుండండి," అని లేచింది.

వంటింట్లో విలియం ఉల్లిపాయలు తరుగుతున్నాడు. ఆమె నీళ్ళు పెట్టింది, అల్లం దంచింది, పాలు పోసింది. టీ పొంగింది. మంట తగ్గించింది. మళ్ళీ పొంగించింది. కడిగిన కప్పులే మళ్ళీ కడిగింది.

"ఏంటే, టీ కాస్తున్నావా, కషాయం కాస్తున్నావా?" అన్నాడు విలియం.

"మీరు ఊరుకోండి."

గదిలోంచి భాను గొంతు సన్నగా మొదలైంది, ఆగింది, మళ్ళీ మొదలైంది. కుర్చీ జరిగింది. సింధుజ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"మీకు ముందుగాల్నే ఎరుకనా ఆంటీ?"

"ఎరికేనమ్మా. చెప్పాల్సింది నేను కాదని ఊరుకున్నాను."

సింధుజ ఆమె మొహంలోకి ఓ క్షణం చూసింది. చేతిలోంచి కప్పు తీసుకుని, నల్లగా కాగిన ఆ టీని నిలబడే తాగింది.

"ఆరో పేజీ నింపుకొని పెట్టుండ్రి. గని ఇల్లు ఇప్పుడొద్దు. ముందుగాల ఈ లెక్క తేల్చుకుంటం."

వాళ్ళ ఎర్రకారు వీధి మలుపు తిరిగేదాకా అమృతం గుమ్మంలోనే నిలబడింది. తొలి ఫైలు. లోను ఇప్పిస్తేనే బ్యాంకు బ్రోకరుకి కమీషనిస్తుంది. లోను లేదు, కమీషనూ లేదు.

ఏతాన్‌కి చెబితే తిడతాడనుకుంది. అతను అంతా విని గడ్డం నిమురుకున్నాడు. "నేనైతే ఆ ఫోన్ కాల్‌కే భయపడి ఫైల్ క్లోజ్ చేసేవాణ్ణి ఆంటీ," అన్నాడు. ఓదార్పో మెప్పో ఆమెకి తేలలేదు.

తర్వాతి నెలలు చప్పగా గడిచాయి. ఒకరిద్దరు వచ్చి వివరాలడిగి వెళ్ళారు. ఊరికే ఆఫీసుకి వెళ్ళి రావడం సిగ్గుగా ఉండి, పాత హోమ్ వాళ్ళని అడిగితే వంటింట్లో వారానికి రెండు రోజుల పని ఇచ్చారు. బరువులెత్తక్కర్లేదు, కూరగాయలు తరిగితే చాలు. ఆ పని చేస్తున్నట్టు చర్చిలో ఎవరికీ చెప్పలేదు.

జనవరి ఎండల్లో చర్చివాళ్ళ బార్బీ, అంటే ఆరుబయట మాంసం కాల్చుకు తినే విందు, బెర్విక్ పార్కులో. శాంతి సాసేజ్‌లు తిప్పుతూ నలుగురూ వినేలా మొదలుపెట్టింది.

"వదినా, ఆమధ్య మీ ఇంటి ముందు ఎర్రకారు ఆగింది. ఆ అమ్మాయి మొహం కందగడ్డలా చేసుకుని వెళ్ళింది. లోను రాలేదా? మొగుడూపెళ్ళాలకి ఏమైనా తగువా?"

"ఏ అమ్మాయి?"

"నీ ఇంట్లోంచి వచ్చిన అమ్మాయే!"

"మా ఇంటికి ఎవరెవరో వస్తుంటారు శాంతీ. అటువైపు మాడిపోతోంది చూసుకో."

శాంతి ఇంకో రెండువైపుల నుంచి నరుక్కొచ్చింది. అమృతం క్యాబేజీ కోల్‌స్లా బాగుందంది, ఎండ ఎక్కువగా ఉందంది, ఎర్రకారు గురించి మాత్రం పెదవి విప్పలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ప్లేట్లు పట్టుకుని వింటున్నారు.

మార్చి నెలలో సింధుజ ఫోన్ చేసింది. గొంతు హుషారుగా ఉంది. పెర్త్ దోస్తుకి ప్రతి ఒకటో తారీఖు పొద్దున తనే ఫోన్ చేసిందట. మొదటి నెల బతిమాలాడట, రెండో నెల కోపం తెచ్చుకున్నాడట, మూడో నెల నుంచి ఆమె ఫోను చెయ్యకముందే కట్టేస్తున్నాడట. మిగిలిందంతా పోయిన వారం ఒక్కసారే తీర్చేశాడట.

"ఫారం ఇంక ఉన్నదా ఆంటీ?"

"కొత్తది రాద్దాం తల్లీ. పాతదానికి కాలం చెల్లింది."

ఈసారి ఖర్చులన్నీ అమృతం మొహమాటం లేకుండా అడిగింది. భాను గేముల చందాతో సహా చెప్పాడు. బ్యాంకు రెండుసార్లు సందేహాలు పంపింది, రెండుసార్లూ జవాబు తనే రాసింది. మంజూరైనట్టు కబురు వచ్చినప్పుడు ఆమె హోమ్ వంటింట్లో క్యారెట్లు తరుగుతోంది. ఫోను చూసి, కత్తి కిందపెట్టి, చల్లటి సామాన్ల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఓ నిమిషం ఏడ్చింది. అక్కడ చలికి కన్నీళ్ళు కూడా చల్లగానే దిగాయి.

ఇల్లు చేతికొచ్చిన రోజున సింధుజ తాళాలు ఫోటో తీసి క్లేటన్ స్నేహితుల గ్రూపులో పెట్టింది, కింద అమృతం నంబరు. అక్కణ్ణుంచి ఒకరి వెంట ఒకరు. వాళ్ళకి చెప్పుకోవాల్సినవి చాలానే ఉండేవి, ఆమెకి వినడం పదకొండేళ్ళుగా అలవాటే.

ఈస్టర్ అయ్యాక ఓ ఆదివారం, చర్చి కార్ పార్కులో శాంతి ఆమెని పక్కకి లాగింది. బైబిలు జిప్పు తీసి లోపల్నుంచి మడతపెట్టిన కాగితాలు పైకి లాగింది. మొగుడి పే స్లిప్పులు.

"ఆ రోజు పార్కులో నిన్ను ఎంత గుచ్చినా ఒక్క ముక్క రాలలేదే! అది చూశాక మా ఆయన, వెళితే ఈవిడ దగ్గరికే వెళ్ళాలన్నాడు," అంది. "మరి కానుకల సంచి వైపు మాత్రం చూడకు."

"నేను ప్రార్థనలో కళ్ళు మూసుకునే ఉంటాను శాంతీ," అంది అమృతం కాగితాలు సంచిలో పెట్టుకుంటూ.

జూన్‌లో ఆమె హోమ్ వంటింటి పని మానేసింది. చివరి రోజున వాళ్ళు చాక్లెట్ కేకు కోశారు. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన నర్సు ఒకామె, నోట్లో కేకు ఉండగానే, మంగళవారం ఖాళీగా ఉంటావా అని అడిగింది. ఇంటి విషయమట. అమృతం ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని డైరీ తీసింది. మంగళవారం నిండిపోయింది. బుధవారం పదింటికి రాసుకుంది.