అమ్మ కేక, నా టైంటేబుల్

ఫోన్లో ఒక్క వేలితో దారీ, గదీ, టిక్కెట్టూ దొరికే ఈ కాలం పిల్లలకి చెబితే నమ్మరు గానీ, ఎనభైల మొదట్లో మా కుటుంబం న్యూజెర్సీ నుంచి ఫ్లోరిడాకి కారులో బయల్దేరడమంటే పెళ్లివారు తరలివెళ్లినంత హడావుడి. కాళ్ల దగ్గర పులిహోర డబ్బా, ఐసుపెట్టెలో పెరుగు, దుప్పట్లో చుట్టి పసిపిల్లలా పడుకోబెట్టిన రైస్ కుక్కరు, ఎన్ని కవర్లు చుట్టినా తన ఉనికి దాచుకోలేని ఆవకాయ సీసా. (రాత్రికి బస చేసిన మోటెల్లో గుమాస్తా ఆ సీసా పక్కనుంచి వెళ్తూ "ఏదో ఘుమఘుమలాడుతోందే" అన్నాడని నాన్న, "ఏమిటీ కంపు" అన్నాడని అమ్మ ఇప్పటికీ వాదించుకుంటారు. నేను అక్కడే ఉన్నాను. ఎవరి పక్షమూ వహించను.) ముందు సీట్లో, ఒకసారి విప్పితే మళ్లీ అదే మడతల్లోకి రాని రోడ్డు మ్యాపు. ఇంత సరంజామా వేసుకుని మేం వెళ్లింది ఒక పార్కులో ఒక్క రోజు ఆడుకోవడానికి.

అప్పుడు నాకు పన్నెండేళ్లు. ఎనిమిదేళ్లప్పుడు విజయవాడ నుంచి పార్సిప్పనీలో ఒక అపార్ట్‌మెంట్ల సముదాయానికి వచ్చిపడ్డాను. నాన్న డాక్టరు. ఆసుపత్రిలో ట్రెయినింగ్ రోజులు కావడంతో ఆయన ఇంట్లో మెలకువగా కనిపించడమే ఒక విశేషం. చంకలో పిల్లాడిగా వచ్చిన మా తమ్ముడు బుజ్జిగాడికి అప్పటికి ఐదేళ్లు నిండాయి, తెలుగు అర్థమయ్యేది, జవాబు మాత్రం అమెరికా ఇంగ్లీషులో ఇచ్చేవాడు. నాన్నకి వరసగా వారం రోజులు సెలవు దొరకడం అదే మొదటిసారి. మా క్లాసులో ఆడపిల్లలందరూ అప్పటికే ఫ్లోరిడా వెళ్లొచ్చి, అక్కడి పెద్ద కొయ్య రోలర్ కోస్టర్ గురించి భోజనాల బల్ల దగ్గర చెప్పుకునేవాళ్లు. నేను శాండ్‌విచ్ నములుతూ, నాకూ తెలిసినట్టే తల ఊపేదాన్ని. అంచేత ఆ కోస్టర్ ఎక్కకుండా న్యూజెర్సీ తిరిగి వస్తే నా బతుకు ఏమైపోతుందో నాకు స్పష్టంగా తెలుసు.

ఆ బాధ్యతంతా నేనే నెత్తిన వేసుకున్నాను. పార్కువాళ్లు పోస్టులో పంపిన పటాన్ని పరీక్షకి చదివినట్టు చదివి, ఏ మూల ఏముందో కళ్లు మూసుకుని చెప్పగలిగే స్థితికి వచ్చాను. గ్రాఫు కాగితం మీద రోజంతటినీ గళ్లుగా విడగొట్టి టైంటేబుల్ వేసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. బాత్రూముకి వెళ్లడానికీ అందులో గళ్లున్నాయి. అన్నిటికంటే గొప్ప సంగతి మధ్యాహ్నం పరేడ్ గురించిన నా ఎత్తుగడ. పార్కులో జనమంతా పరేడ్ చూడ్డానికి పోతారు కాబట్టి, సరిగ్గా అప్పుడే మేం కోస్టర్ దగ్గరికి వెళ్లాలి. ఈ ఆలోచన తట్టిన సాయంత్రం అద్దంలో నన్ను నేను కాస్త గౌరవంగా చూసుకున్నాను. నాన్న ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "స్టేషన్ మాస్టరుగారూ, మధ్యలో టీ తాగడానికి బండి ఆగుతుందా?" అని అడిగారు. ఆ రోజు నుంచి ఇంట్లో నా పేరు స్టేషన్ మాస్టరే.

నాన్న తీరు వేరు. దారిలో కనిపించిన ప్రతి బోర్డుకీ మర్యాద చెయ్యడమే ఆయన దృష్టిలో ప్రయాణం. సౌత్ కరోలినాలో రోడ్డు పక్కన ఉడకబెట్టిన వేరుశనక్కాయల బోర్డు కనబడగానే, వెనకాల ఎవరో హారన్ కొడుతున్నా, కారు పక్కకి లాగేశారు.

"నాన్నా, ఇది ప్లాన్‌లో లేదు," అన్నాను.

"వేరుశనక్కాయలకి ప్లాన్ ఏంటమ్మా? ఉడికాయి. తినడమే."

ఆ దుకాణం పెద్దాయనతో నాన్న ఉప్పు ఎప్పుడు వెయ్యాలన్న విషయం మీద చాలాసేపు మాట్లాడారు. అమ్మ కారు దిగి చెట్టు నీడన ఒళ్లో కాయలు పోసుకుని, "నువ్వూ దిగవే, వేడిగా ఉన్నాయి," అంది. నేను దిగలేదు. కారులో కూర్చుని, పోయిన సమయాన్ని ఏ గడిలోంచి కోయాలా అని చూశాను. (కాయలు మాత్రం కిటికీలోంచి అందుకున్నాను.)

మర్నాడు పొద్దున్నే, పార్కు దగ్గరి మోటెల్లో అమ్మ ఉప్మాకి పోపు పెట్టింది. ఆవాలు చిటపటమన్నాయో లేదో, కప్పుకి బిగించిన పొగ అలారం గోల అందుకుంది. నాన్న తువ్వాలుతో విసురుతుంటే, అమ్మ మూకుడు పట్టుకుని బయటికి పరిగెత్తింది. పక్కగదుల వాళ్లు నైట్ డ్రెస్సుల్లో తలుపులు తీసి చూశారు. ఆ సిగ్గుకి ఇక గదిలో నిలవలేక ఉప్మా కారులోనే తినేసి, అనుకున్న వేళకంటే ముందే పార్కు గేటు దగ్గర నిలబడ్డాం. నా టైంటేబుల్ పుణ్యమేనని నేను వెంటనే ప్రకటించాను.

పొద్దుటి పూటంతా నిజంగానే నాది. తిరిగే కప్పులు, చీకటి గుహలో పడవ, నీళ్లలోకి జారే దుంగ, అన్నీ వరసపెట్టి అయ్యాయి. నేను ముందు, నా వెనక బుజ్జిగాడి చెయ్యి పట్టుకున్న నాన్న, ఆ వెనక చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని టెన్నిస్ బూట్లతో అమ్మ. ఎవరైనా తప్పిపోతే గడియార స్తంభం కింద కలుసుకోవాలని కూడా గేటు దగ్గరే అందరికీ చెప్పాను. చెబుతున్నప్పుడు బుజ్జిగాడు నాన్న భుజమ్మీద నిద్రపోతున్న సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు.

భోజనాల వేళకి పల్లెటూరి పద్ధతిలో కట్టిన ఒక మూలకి వచ్చాం. గడ్డిమోపులు, బండి చక్రాలు, చిన్న స్టేజీ, దాని ముందు క్రిక్కిరిసిన జనం. నాన్న నిమ్మరసం కోసం చెయ్యి వదిలి పర్సు తీశారు. గ్లాసులు తీసుకుని ఇటు తిరిగేసరికి బుజ్జిగాడు లేడు.

ఒక్క క్షణం ముగ్గురం మా కాళ్ల చుట్టూ మేమే చూసుకున్నాం. ఎటు చూసినా నిక్కర్లు, మోకాళ్లు, బెలూన్లు. నాన్న "గడియారం దగ్గర చూస్తాను, మీరిక్కడే ఉండండి," అని పరిగెత్తారు. వాడికి గడియార స్తంభం సంగతే తెలియదని నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ మాట అమ్మతో అన్నాను. అమ్మ నావైపు చూడను కూడా లేదు. చుట్టూ చూసింది. అందరికంటే ఎత్తుగా కనిపించినది ఆ స్టేజీ. కొంగు నడుముకి చుట్టి, "ఎక్స్‌క్యూజ్ మీ, ఎక్స్‌క్యూజ్ మీ" అంటూ జనాన్ని చీల్చుకుని మెట్లెక్కేసింది.

ఇక్కడ మా అమ్మ గొంతు గురించి చెప్పాలి. మామూలుగా అమ్మ మెత్తగా మాట్లాడే మనిషి. ఫోన్లో ఆవిడ మాట వినపడక అవతలివాళ్లు "హలో హలో" అనేవారు. కానీ సాయంత్రం బాల్కనీలోంచి బుజ్జిగాణ్ణి అన్నానికి పిలిచిందంటే ఆ కేక మూడు బిల్డింగులు దాటి, పార్కింగ్ లాట్ చుట్టి, ఆటస్థలంలో వాడి చెవిన పడేది. (ఎదురింటి ముసలావిడ ఆ కేక వినగానే తన కుక్కని కూడా లోపలికి పిలుచుకునేది. ఆవిడకి అదే గడియారం.) స్కూలు స్నేహితురాళ్లు ఎవరైనా ఇంటికి వచ్చి ఉంటే, ఆ వేళకి నేను టీవీ శబ్దం పెంచేదాన్ని.

స్టేజీ మీద గడ్డిటోపీ పెట్టుకున్న మీసాలాయన మైకు పట్టుకుని నిలబడ్డాడు. పైన గుడ్డ మీద పందుల్ని పిలిచే పోటీ అని పెద్ద అక్షరాలున్నాయి. పొలంలో తిరిగే పందుల్ని మేతకి పిలిచినట్టు ఎవరు గట్టిగా కేకవేస్తే వాళ్లు గెలిచినట్టు. అమ్మ అది చదవలేదు. నేను చదివాను. "అమ్మా, దిగమ్మా, అది పందుల పోటీ," అని కిందనుంచి చేతులు ఊపాను. మీసాలాయన చీరకట్టు చూసి ఎంతో సంతోషపడి, "వెల్, హలో మేడమ్, నెక్స్ట్ కాలర్," అని మైకు అందించాడు. అమ్మ మైకుని చేత్తో పక్కకి నెట్టింది. ఊపిరి తీసుకుంది.

"ఒరే బుజ్జిగాఽఽఽ... అన్నం చల్లారిపోతోంది రారాఽఽఽ..."

స్టేజీ ముందు పిల్లలు చెవులు మూసుకున్నారు. పాప్‌కార్న్ అమ్మేవాడి చేతిలో గరిటె ఆగిపోయింది. ఆ మూలంతా సద్దుమణిగి, ఎక్కడో చక్రం తిరిగే కిర్రు మాత్రం వినబడింది. ఆ నిశ్శబ్దంలో, చాలా దూరంనుంచి, పరేడ్ బ్యాండువాళ్ల గది వైపునుంచి, విసుగ్గా ఒక గొంతు వచ్చింది.

"కమింగ్, అమ్మా."

జనం రెండుగా చీలి దారి ఇచ్చారు. ఆ దారిలోంచి బుజ్జిగాడు, పక్కన డ్రమ్ము మోసుకుంటున్న బ్యాండు ఆవిడ చెయ్యి పట్టుకుని, తీరిగ్గా నడిచొచ్చాడు. "వాచింగ్ ద డ్రమ్. వేరీజ్ లంచ్?" అని అడిగాడు. అమ్మ స్టేజీ మీదనుంచి ఒక్క దూకు దూకి వాణ్ణి ఎత్తుకుంది. జనం చప్పట్లు కొడుతున్నారు, ఈలలు వేస్తున్నారు. అంత దూరాన గడియారం దగ్గర ఉన్న నాన్న కూడా ఆ కేక విని రొప్పుతూ వచ్చేశారు. మీసాలాయన ఇక మిగతావాళ్లని పిలవక్కర్లేదని చెప్పి, నీలిరంగు రిబ్బను తెచ్చి అమ్మ పైటకి గుచ్చాడు.

"ఎందుకిస్తున్నాడే?" అని అమ్మ నన్ను అడిగింది.

"పందుల్ని పిలవడంలో నీకు ఫస్ట్ ప్రైజ్."

అమ్మ చంకలోని కొడుకుని ఒకసారి చూసింది. "వచ్చిందిగా మరి," అంది.

బహుమతి రిబ్బనుతో అయిపోలేదు. గెలిచినవాళ్ల కుటుంబం మధ్యాహ్నం పరేడ్‌లో అందరికంటే ముందు గుర్రబ్బండి మీద కూర్చోవాలట. మీసాలాయన చెబుతుంటే నాన్న కళ్లు మెరిశాయి. అది సరిగ్గా నా కోస్టర్ గడి. అమ్మే నా మొహం చూసి, "నువ్వు కొయ్య బండి ఎక్కే టైం అదేగా? ఈ గుర్రబ్బండి వద్దని చెప్పెయ్ ఆయనకి. ఎన్నాళ్లనుంచో అనుకుంటున్నావు," అంది.

ఫ్రిజ్ మీద కాగితాన్ని అమ్మ అంత శ్రద్ధగా చదివిందని నాకు తెలియదు. రిబ్బను పైటమీద వంకరగా వేలాడుతోంది. పక్కనుంచి ఎవరో ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపి వెళ్తున్నారు. ఫోన్లో వినపడని మా అమ్మ. "వెళ్దాం," అన్నాను. నాన్న, "స్టేషన్ మాస్టరుగారు ఒప్పుకున్నారు," అని ఆ మీసాలాయనకి తెలుగులోనే చెప్పారు.

బండి కదిలిన మొదట్లో అమ్మ చెయ్యి ఒళ్లోంచి తీయలేదు. తర్వాత రెండు వేళ్లు ఊపింది. మలుపు తిరిగేసరికి పుట్టినప్పటినుంచీ అదే పనిగా ఉన్నట్టు రెండు పక్కలా చెయ్యి ఊపేస్తోంది. స్టేజీ దగ్గర విన్నవాళ్లు మళ్లీ పిలవమని అడిగారు. అమ్మ పిలిచింది. పక్కనే కూర్చున్న బుజ్జిగాడు ప్రతిసారీ "కమింగ్" అన్నాడు, జనం విరగబడి నవ్వారు. నాన్న తన గుండె మీద చెయ్యి పెట్టుకుని, తానే భర్తనని కనిపించినవాళ్లందరికీ సైగ చేశారు. నేను కూడా, ఎవరూ అడక్కుండానే, లేచి నిలబడి చెయ్యి ఊపాను.

పరేడ్ ఒక పెద్ద గేటు వెనక ముగిసింది. బండివాడు గుర్రాల్ని విప్పుతూ మాకు ఒక పక్క తలుపు చూపించాడు. బయటికి వస్తే ఎక్కడున్నామో ఎవరికీ తెలియలేదు. నాన్న యథాప్రకారం పాట వినిపిస్తున్న కుడివైపు నడక మొదలెట్టారు. నేను కళ్లు మూసుకున్నాను. గుర్రాల పాక, దాని వెనక తెల్ల కంచె, కంచె దాటితే కోస్టర్.

"ఎడమకి," అన్నాను. "పరిగెత్తండి."

జనమంతా ఇంకా పార్కు అవతలి చివర పరేడ్ తోక చూస్తున్నారు. కోస్టర్ ముందు వరస ఖాళీ. బుజ్జిగాడి ఎత్తు చాలదని గేటు మనిషి తల అడ్డంగా ఊపగానే, నాన్న ఎంతో త్యాగం చేస్తున్నట్టు, "ఎవరో ఒకరు వీడితో ఉండాలిగా, మీరు వెళ్లండి," అన్నారు. అంత వేగంగా ఆయన ఏ నిర్ణయమూ తీసుకోగా నేను చూడలేదు. అమ్మ కుచ్చెళ్లు గట్టిగా దోపి, మంగళసూత్రం జాకెట్లోకి వేసుకుని నా పక్కన కూర్చుంది.

పైకి ఎక్కి, ఆగి, బండి కిందికి దూకింది. నేను పార్కంతా వినపడేలా అరిచాను. అమ్మ నోరు విప్పలేదు. కింద ఆగాక భయపడిందేమోనని చూశాను. జుట్టు చెదిరిపోయి, బొట్టు సగం చెరిగి, కళ్లు పెద్దవి చేసుకుని కూర్చుంది.

"మళ్లీ ఎక్కొచ్చా?" అని అడిగింది.

ప్రతి రైడూ ఒక్కసారే అన్నది నా నియమం. ఆ నియమాన్ని ఆ సాయంత్రం అక్కడే వదిలేశాం. వరస మళ్లీ పెరిగేదాకా దిగడం, ఎక్కడం, దిగడం, ఎక్కడం. కంచె అవతల నాన్న, బుజ్జిగాడు ప్రతిసారీ మేం గెలిచి వచ్చినట్టు చప్పట్లు కొట్టారు. స్కూలు తెరిచాక భోజనాల బల్ల దగ్గర నేను కోస్టర్ గురించి పెద్దగా చెప్పలేదు. మా అమ్మ పందుల పోటీలో గెలిచింది, పరేడ్ ముందు వెళ్లాం అని చెప్పాను. అమ్మాయిలు శాండ్‌విచ్‌లు పక్కన పెట్టి విన్నారు.

ఇప్పుడు ఆసుపత్రిలో ఆపరేషన్ల వరస వెయ్యడం నా ఉద్యోగం. ఎవరికీ ఆశ్చర్యం లేదు. కానీ సెలవులకి వెళ్లేటప్పుడు రోజులో సగం ఖాళీగా వదిలేస్తాను. అప్పుడేం చేస్తామని మా పిల్లలు అడిగితే, నాకూ తెలియదని దర్జాగా చెబుతాను. తమ అమ్మ ఎంత హాయి మనిషో అని వాళ్లు తమ నాన్నతో గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఖాళీ ఏ పూట వస్తే బాగుంటుందో తేల్చడానికి, వాళ్లు బడికి వెళ్లాక, నేను ఎంతసేపు బుర్ర బద్దలు కొట్టుకుంటానో వాళ్లకి ఇంతవరకూ తెలియదు.