అటక మీద బుసలు

బిలాస్‌పూర్‌లో మా పాత రైల్వే క్వార్టరు అటక మీంచి బుసలు వినబడ్డ రోజు, మా అత్తగారు కింద పాలగిన్నె పెట్టి చెంపలేసుకున్నారు. శ్రీకాకుళం మనిషి, నాగులచవితి ఒక్క ఏడాదీ మానలేదు. "నాగమ్మ వచ్చిందే, జోలికెళ్ళకు" అన్నారు.

మూడోరోజు టార్చి పట్టుకుని నిచ్చెనెక్కాను. పామూ లేదు, పాడూ లేదు. పళ్ళెంలాంటి తెల్లటి మొహాలతో మూడు గుడ్లగూబ పిల్లలు నన్ను చూసి బుసకొడుతున్నాయి.

దిగి చెప్పానో లేదో, అత్తగారి భక్తంతా ఎగిరిపోయింది. "గూబా! ఇల్లు పాడెట్టేస్తాది. ఆదివారంలోగా తీయించకపోతే నేనే కర్రెట్టి తోసేస్తాను."

ఇంకా ఎగరడం రాని పిల్లలు. తోస్తే కుక్కలపాలే. నాకు ఒళ్ళు మండిపోయింది. పాముకైతే పాలు, పిట్టకైతే కర్రా? "తోయనివ్వను" అన్నాను. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో ఆవిడకి ఎదురుచెప్పడం అదే మొదలు.

ఆ సాయంత్రం నుంచీ వరండాలో కాపలా కూర్చున్నాను. చీకటి పడగానే తల్లి గూబ నా తల మీంచే వెళ్ళింది. రెక్క చప్పుడన్నది లేదు! పట్టాల పక్క గడ్డిలో దిగి ఎలకతో తిరిగొచ్చింది. మా అమ్మాయి ఫోన్లో చదివి చెప్పింది: దాని చెవులు ఒకటి ఎత్తున, ఒకటి కిందన ఉంటాయట. చప్పుడు రెండిటికీ ఒకేలా చేరదు, ఆ తేడాతోనే ఎలక ఎక్కడుందో కటిక చీకట్లోనూ పట్టేస్తుందట. మొహం పళ్ళెంలా ఉన్నది చప్పుడు పోగుచెయ్యడానికేనట. "కాన్ సే దేఖ్‌తా హై, అమ్మా!" చెవుల్తో చూస్తుందన్నమాట.

శనివారం పొద్దున్న అటక కింద రాలిన నల్లటి ముద్దలు ఏరి, అత్తగారి ముందు పేపరు పరిచి పుల్లతో విప్పాను. గూబ ఎలకని మింగేసి, అరగని బొచ్చూ ఎముకలూ అలా ముద్దగా కక్కేస్తుంది. ముద్దకి రెండేసి ఎలక పుర్రెలు. ఆవిడ పెళ్ళినాటి పట్టుచీరని కొరికి జల్లెడ చేసినవి ఆ ఎలకలే. చీర పాడైన రోజు ఆవిడ అన్నం కూడా ముట్టలేదు.

నా చేతిలో పుల్ల తీసుకుని పుర్రెల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టారు.

ఆదివారం పక్కింటాయన కర్ర పట్టుకుని వచ్చాడు. మా కప్పు మీద గుడ్లగూబ వాలడం చూశాడట. "ఉల్లూ హై క్యా, మాఁజీ?" అని అత్తగారిని అడిగాడు. నేను లేచేలోపే అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఉల్లూ నహీ. నాగ్ దేవతా!" అని చేతులు జోడించారు. సరిగ్గా అప్పుడే పైనుంచి బుస. ఆయన కర్ర దించి, దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను అత్తగారి మొహం వంకే చూశాను.

"ఏటి అలా చూస్తావు?" అన్నారు అత్తగారు. "ముందా పాలగిన్నె తియ్యి. పిల్లులొస్తే పిల్లల్ని బతకనిస్తాయా?"