సుశీల ఆంటీ ఎర్ర మాగ్నెట్

ఈ ఉదయం మందుల గదిలో కొత్త గ్లవ్స్ పెట్టె చింపగానే రబ్బరు వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, నాకొక అరుపు వినిపిస్తుంది: "అమ్మీ, చెయ్యి తియ్!" పదహారేళ్ల కిందట, బ్రిటన్‌లోని కార్డిఫ్ ఊరి బయట ఇదే ఆసుపత్రిలో, నేను చేరిన మొదటి వారంలో విన్న అరుపు అది. అరిచిన మనిషి డాక్టర్ సుశీల. ఈ గుర్రాల ఆసుపత్రి ఆవిడ పెట్టిందే. కడప నుంచి వచ్చి ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడి గుర్రాలకు వైద్యం చేసినా, కోపం వస్తే ఆవిడ నోట కడప మాట తప్ప మరొకటి వచ్చేది కాదు. ఆవిడ పోయి రెండేళ్లయింది.

నాది గుడివాడ వైపు. అక్కడ పశువైద్యం చదివి, మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట కార్డిఫ్ వచ్చాను. నా డిగ్రీ ఇక్కడ చెల్లాలంటే మళ్లీ పరీక్ష పాసవ్వాలి. అందాకా సహాయకురాలిగా ఉండమని ఆవిడే పిలిచింది. భుజం దాకా చెయ్యి పెట్టి గేదెల కడుపులోంచి దూడలను లాగినదాన్ని, నాకు గ్లవ్స్ ఒక లెక్కా? ఆ రోజు ఒక ఆడగుర్రం దాణాలో కలపాల్సిన మందు సీసా మూతను వట్టి చేత్తో తిప్పుతున్నాను. నువ్వుల నూనె రంగులో, జిడ్డుగా ఉంటుంది ఆ మందు.

"గ్లవ్స్ యాడ పెట్నావు?"

"నూనేగా మేడమ్, కడుక్కుంటే పోద్దండీ."

"పోదు. చర్మంలోంచి లోపలికి దిగుతాది. గుర్రానికి ఎద ఆపే మందు నీకు మాత్రం ఊరికే ఉంటాదా? అదీ ఆడదే, నువ్వూ ఆడదానివే."

చదువులో ఆ ముక్క ఎక్కడో చదివే ఉంటాను, కానీ చేతులకు ఎక్కలేదు. ఆ రోజు ఎక్కింది.

మా పని గురించి తెలియనివారికి కొంచెం చెప్పాలి. ఆడగుర్రం ఏడాది పొడుగునా ఎదకు రాదు. పగటి పొద్దు పెరిగే కాలంలో, ఇంచుమించు మూడు వారాలకొకసారి వస్తుంది. మగ గుర్రం బీజమేమో ఎక్కడినుంచో చల్లని పెట్టెలో కొరియర్‌లో వస్తుంది, రెండు రోజులు కూడా నిలవదు. రెండూ ఒకనాటికి కుదరాలంటే గుర్రాన్ని ఆ రోజుకు సిద్ధం చెయ్యాలి. అందుకే ఆ నూనె మందు కొన్నాళ్లు రోజూ ఇచ్చి ఎదను ఆపి పెడతాం, మానేశాక వస్తుంది. త్వరగా రావాలంటే ఒక ఇంజెక్షన్ ఉంది. "మనం చేసేది ఆపేది, వదిలేది, అంతే. తక్కింది దాని పని. మనమేదో పొడిచినామని అనుకోగూడదు" అనేది ఆవిడ.

ఆ ఇంజెక్షన్ దగ్గర ఆవిడ చాదస్తం చూడాలి. స్కాన్ చెయ్యకుండా సూది ముట్టనిచ్చేది కాదు. గుర్రం అప్పటికే చూడి కట్టి ఉంటే ఆ సూదితో కడుపు పోతుంది. ఒకసారి ఒక యజమాని గడియారం చూసుకుంటూ, ఇది మగ గుర్రం మొహం కూడా చూడలేదు, కానివ్వండి అని తొందర పెట్టాడు. ఆవిడ వినిపించుకోకుండా స్కానర్ తీసింది. తెర మీద నల్లటి చుక్క, అందులో గింజంత పిండం, దాని గుండె టకటకా కొట్టుకుంటోంది. పక్క పొలంలోని పొట్టి మగ గుర్రం కంచె దూకిందట. తిరిగి వస్తూ కారులో ఆవిడ నాతో అంది: "గుర్రాన్ని ఎప్పుడూ అడగాల. మనిషిని ఎప్పుడూ అడగగూడదు." ఆ రెండో మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

మందుల గది తలుపు పక్కన తెల్ల బోర్డు మీద ఎవరికి ఏ రోజు ఏ పనో రాసిన మా వారం రోటా ఉండేది. ఎవరి పేరు పక్కన ఎర్ర మాగ్నెట్ ఉంటే వాళ్లు ఆ రోజు ఈ నూనె మందూ సూదీ ముట్టరు. ఎవరికి వాళ్లే పెట్టుకోవచ్చు. కారణం చెప్పక్కర్లేదు, ఎవరూ అడగకూడదు. గుర్రాలు పట్టుకునే ఆలన్‌కు ఉబ్బసం, ఆ ఇంజెక్షన్ ఒంటికి తగిలితే ఊపిరాడదు, కాబట్టి అతని మాగ్నెట్ ఎప్పుడూ ఉండేది. నాకు అంతుపట్టనిది ఆవిడ మాగ్నెట్. అరవై దాటిన మనిషి, నెలలో నాలుగైదు రోజులు తన పేరు పక్కన పెట్టుకునేది. "మీకెందుకండీ?" అంటే "నా ఇష్టం" అనేది. ఆ రోజుల్లో ఆవిడ పని కూడా నా నెత్తిన పడేది. పెద్దావిడ పని తప్పించుకోవడానికి భలే వంక కనిపెట్టిందని ఇంట్లో మా ఆయనతో చెప్పి నవ్వాను కూడా. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

రెండో వసంతంలో నాకు నెల తప్పింది. అంతకుముందు ఏడాది ఒకసారి నిలిచి, అందరికీ చెప్పుకున్నాక పదో వారంలో పోయింది. ఓదార్పులు వినలేక చచ్చాను. ఈసారి మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మాగ్నెట్ కూడా పెట్టుకోలేదు. పెళ్లయి నాలుగేళ్లయిన పిల్ల పేరు పక్కన ఎర్ర మాగ్నెట్ అంటే కడుపుతో ఉన్నానని శుభలేఖ అచ్చు వేయించినట్టే కదా! రెండు జతల గ్లవ్స్ వేసుకుంటే చాలనుకున్నాను. దాణా తినని ఒక గుర్రానికి ఆ మందు సిరంజితో నోట్లో పోస్తుంటే అది తల విదిలించింది. నూనె గ్లవ్ పైన, మోచేతి దాకా చిందింది.

సింకు దగ్గర ఎంతసేపు రుద్దుకున్నానో తెలియదు. చెయ్యి ఎర్రగా కందిపోయింది. ఆవిడ వచ్చి కుళాయి కట్టేసింది.

"చాల్లే అమ్మీ. తోలు ఊడొస్తాది."

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ ఏమీ అడగలేదు. మందు సీసా మీది కాగితం ఒలిచి నా జేబులో పెట్టి, "కార్లో కూచో, నీ జీపీ డాక్టరు దగ్గరికి పోదాం. ఇది చూపించు" అంది.

దారిలో రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా చెప్పింది. "నేనొచ్చిన కొత్తలో నాకెవ్వరూ చెప్పలేదు. పొద్దన్నుంచి సాయంత్రం దాకా ఆ సూదులే. నాలుగో నెలలో పోయింది నాకు. దానివల్లనో కాదో తెలీదమ్మీ. తెలీకపోవడమే మిగిలింది."

"మాగ్నెట్ పెట్టుకుంటే అందరికీ తెలిసిపోద్దని భయమేసిందండీ."

"అందరికీ తెలీగూడదనే గదా నేను పెట్టుకునేది?"

గేరు మార్చి ఆవిడే అంది: "ఒక్కరు పెడితే గుట్టు బయటపడతాది. ముసల్దీ పెడతాంటే ఎవురికేం తెలుస్తాది? పెట్టినరోజు నేను నిజంగానే ముట్టను. ఉత్తుత్తిదని తెలిస్తే దానికి విలువుండదు."

వెంటనే కడిగారు కాబట్టి కంగారు పడొద్దు, ఇక ఆ మందుల జోలికి వెళ్లొద్దు అన్నాడు డాక్టరు. మరునాడు బోర్డు మీద మూడు మాగ్నెట్లు: ఆలన్‌ది, ఆవిడది, నాది. నాకు ఆరో నెల వచ్చి నేనే చెప్పుకునే దాకా ఆవిడ తన మాగ్నెట్ తియ్యలేదు. ఆ సీజన్ అంతా సూదుల కోసం బయటినుంచి ఒక డాక్టరును పిలిపించింది. నేను మేడమ్ అనడం మానేసి ఆంటీ అన్నది అప్పుడే. నా కూతురికి ఇప్పుడు పద్నాలుగేళ్లు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది, ఒక్క "అమ్మీ" మాత్రం ఆంటీ దగ్గర నేర్చుకుని నన్నే అలా పిలుస్తుంది.

పరీక్ష పాసయ్యాను. ఆంటీ తర్వాత ఆసుపత్రి నేనే చూసుకుంటున్నాను. నిరుడు గర్భసంచి తీసేశాక ఆ మందుల వల్ల నాకు ఆ భయమూ లేదు. ఈ ఉదయం గ్లవ్స్ పెట్టె చింపింది నా కోసం కాదు. మొన్న చేరిన మేగన్ అనే అమ్మాయి నిన్న బోర్డు ముందు నిలబడి, ఎర్ర మాగ్నెట్ తీసి, అటూ ఇటూ చూసి, మళ్లీ పక్కన పెట్టేయడం చూశాను. అందుకే పెందలాడే వచ్చి, ఆలన్ పని మానేశాక ఖాళీగా ఉన్న బోర్డు మీద నా పేరు పక్కన ఒకటి పెట్టి, ఇవాళ్టి సూదులు ఇంకో డాక్టరుకు అప్పగించాను.

తొమ్మిదింటికి మేగన్ వచ్చి బోర్డు చూసింది. "మీకెందుకు?" అంది.

"నా ఇష్టం" అన్నాను.

మధ్యాహ్నానికి బోర్డు మీద రెండు మాగ్నెట్లు ఉన్నాయి. రెండోదాని గురించి నేనేమీ అడగలేదు.